రైలు హోటళ్లూ తొలి బొమ్మలూ

ఫిల్మ్‌నగర్‌కు రైల్వే స్టేషన్ లేదు. పక్కనున్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు మెట్రో వచ్చింది కూడా 2019లోనే. అయినా విక్టోరియా రాణి కాలం నాటి స్టేషనూ, దాన్ని ఆనుకుని పెద్ద మెట్ల హోటలూ కావాలంటే తెలుగు సినిమాకు అవి ఈ చుట్టుపక్కలే తయారవుతాయి. ఆర్ట్ డైరెక్టర్ గీసిస్తే వడ్రంగులు ప్లైవుడ్ కోస్తారు, మోల్డింగ్ పనివాళ్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో లతలూ పువ్వులూ పోత పోస్తారు, పెయింటర్లు నిన్న లేచిన గోడకు నూరేళ్ల మసి పూస్తారు. షూటింగ్ అయ్యాక అంతా విప్పేస్తారు. రాయితో, ఇటుకతో, ఇనుముతో కట్టిన అసలు హోటళ్లు కూడా చాలావరకు అలాగే మాయమయ్యాయి. వాటికీ మన సినిమాకూ దగ్గరి చుట్టరికం ఉంది. దాన్ని పట్టిచ్చే కొన్ని విశేషాలివి.

రైలుతో పాటే పుట్టిన హోటల్

స్టేషన్ పక్కనే రైల్వే కంపెనీ హోటల్ కట్టడం లండన్‌లోని యూస్టన్‌లో మొదలైంది. అక్కడ స్టేషన్ 1837లో తెరిస్తే, 1839 నాటికి ఫిలిప్ హార్డ్‌విక్ రూపకల్పనలో హోటల్ సిద్ధమైంది. ప్రపంచంలో రైల్వే హోటల్ అన్న మాటకు అదే నాంది. ఎదురెదురుగా రెండు భవనాలు: ఒకటి డబ్బున్నవాళ్లకు, ఇంకొకటి తక్కువ ఖర్చులో రాత్రి గడుపుకునేవాళ్లకు. అర్ధరాత్రి బండి దిగి, పెట్టెలూ పిల్లలతో తెలియని ఊళ్లో ఎక్కడికి పోవాలన్న బెంగ ఇక లేకుండా పోయింది.

1960ల మొదట్లో స్టేషన్‌ను కొత్తగా కట్టాలని అన్నీ పడగొట్టారు. ముందు స్టేషన్ ముఖద్వారంగా నిలిచిన మహాతోరణం, ఆ వెంటనే 1963లో హోటల్. తోరణాన్ని కాపాడమని పెద్దపెద్దవాళ్లు వెళ్లి ప్రధాని మాక్‌మిలన్‌ను వేడుకున్నా ఫలితం దక్కలేదు. దాని రాళ్లలో చాలా భాగం తూర్పు లండన్‌లో ఒక కాలువ అడుగున గుంత పూడ్చడానికి వాడారని 1990లలో బయటపడింది. ఒక దేశపు తొలి రైల్వే వైభవం కాలువ పూడికగా మారింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

బీరు పీపాల కొలత, బాత్రూముల కొరత

యూస్టన్‌కు కూతవేటు దూరంలో సెయింట్ పాంక్రాస్ ఉంది. 1868లో తెరిచిన ఆ స్టేషన్ కప్పు 240 అడుగుల వెడల్పున, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా సాగుతుంది. అప్పటికి ప్రపంచంలో అంత వెడల్పు కప్పు ఇంకోటి లేదు. ప్లాట్‌ఫారాల కింద ఉన్న నేలమాళిగలో స్తంభాల మధ్య ఎడాన్ని బర్టన్ ఊరి నుంచి వచ్చే బీరు పీపాల కొలతను బట్టి నిర్ణయించారు. పైన జనం, కింద పీపాలు. ఆ రైల్వేకు రెండూ రాబడే.

దాని ముందు సర్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ కట్టిన మిడ్‌ల్యాండ్ గ్రాండ్ హోటల్ 1873 మే 5న తెరుచుకుంది. సుమారు 300 గదులు, ఎర్ర ఇటుక, కోట బురుజుల్లాంటి గోపురాలు, నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులు, రెండు పాయలుగా చీలి పైకి లేచే మహా సోపానం. ఇన్ని హంగులున్నా గదికో బాత్రూమ్ మాత్రం లేదు. ప్రతి గదికీ వేడినీళ్లు మోసుకెళ్లాలి, మురుగు కుండలు మోసుకురావాలి. పనివాళ్ల జీతాలు పెరిగి, గదికో స్నానాలగది ఉన్న కొత్త హోటళ్లు వచ్చేసరికి ఇది నిలవలేకపోయింది. 1935లో మూతపడి రైల్వే ఆఫీసుగా మారింది. 1960లలో దీన్నీ పడగొట్టాలన్నారు. అప్పటికే యూస్టన్ పోగొట్టుకున్న బాధ జనంలో ఉంది. కవి జాన్ బెట్జమన్ లాంటివాళ్లు గట్టిగా నిలబడ్డారు. 1967లో భవనం అత్యున్నత రక్షణ జాబితాలోకి ఎక్కింది. 2011లో మళ్లీ హోటల్‌గా తెరుచుకుంది. బెట్జమన్ విగ్రహం ఇప్పుడు ఆ స్టేషన్‌లోనే ఉంది.

మన పిల్లలకు ఈ భవనం తెలిసే ఉంటుంది. రెండో హ్యారీ పోటర్ సినిమాలో నీలం కారు గాల్లోకి లేచేది దీని ముందు నుంచే. కథలో ఆ స్టేషన్ పేరు కింగ్స్ క్రాస్. కెమెరాకు మాత్రం పక్కనున్న ఈ హోటలే అందంగా కనిపించింది.

ఆ ఇద్దరూ బొంబాయిలో

సెయింట్ పాంక్రాస్ ఇనుప కప్పు పనిలో ఇంజనీర్ బార్లోకు తోడుగా నిలిచినవాడు రోలండ్ మేసన్ ఆర్డిష్. బొంబాయిలో జాన్ హడ్సన్ వాట్సన్ అనే బట్టల వ్యాపారి తన హోటల్ కోసం ఆశ్రయించింది ఈ ఆర్డిష్‌నే. ఇనుప స్తంభాలూ దూలాలూ ఇంగ్లాండులో పోతపోసి, ఓడల్లో తెచ్చి, కాలాఘోడా దగ్గర బిగించారు. 1871లో వాట్సన్స్ హోటల్ మొదలైంది. బరువంతా ఇనుప చట్రమే మోసేలా కట్టిన భవనాల్లో మన దేశంలో ఇంతకన్నా పాతది కనపడటం కష్టం. మార్క్ ట్వేన్ 1896లో బొంబాయి వచ్చినప్పుడు బస చేసింది ఇక్కడే. ఆయన యాత్రా గ్రంథంలో బొంబాయి కాకుల మీద రాసిన భాగం ఎంతో పేరు తెచ్చుకుంది.

అక్కడికి కొన్ని అడుగుల దూరంలో విశ్వవిద్యాలయపు రాజాబాయి టవర్ ఉంది. దాన్ని గీసింది లండన్‌లో కూర్చున్న గిల్బర్ట్ స్కాట్, అంటే మిడ్‌ల్యాండ్ గ్రాండ్ స్కాటే. ఆయన మన దేశంలో అడుగు పెట్టనే లేదు. లండన్‌లో ఒకే స్టేషన్‌కు కప్పు వేసిన చేయి, హోటల్ గీసిన చేయి, రెండూ బొంబాయిలో ఒకే వీధి చుట్టుపక్కల గుర్తులు వదిలాయి. అటు వెళ్లిన తెలుగువాళ్లు గేట్‌వే చూసి తిరిగొచ్చేస్తారు. ఇంకో పదిహేను నిమిషాలు నడిస్తే ఈ రెండూ కనిపిస్తాయి.

తొలి బొమ్మకు టికెట్ ఒక రూపాయి

1896 జూలై 7. లూమియేర్ సోదరుల మనిషి మారియస్ సెస్టియే ఆస్ట్రేలియా పోతూ బొంబాయిలో దిగాడు. వాట్సన్స్ హోటల్లో రూపాయి టికెట్ పెట్టి ఆరు చిన్న బొమ్మలు ఆడించాడు. భారతదేశంలో సినిమా ప్రదర్శన అంటూ లెక్క మొదలయ్యేది ఆ సాయంత్రం నుంచే. ఆ ఆరింటిలో ఒకటి స్టేషన్‌లోకి రైలు రావడం. ఇంకొకటి ఒక గోడను కూలగొట్టడం.

పారిస్‌లో అంతకు ఆరు నెలల ముందు, 1895 డిసెంబర్ 28న జరిగిన చరిత్రాత్మక ప్రదర్శనలో రైలు బొమ్మ లేనే లేదు. రైలును చూసి జనం పరుగులు తీశారనే కథ ఆ రోజుకు అంటగట్టినది. అయితే ఆ ప్రదర్శన జరిగింది కూడా హోటల్ భవనంలోనే. స్క్రీబ్ హోటల్ కింద ఉన్న గ్రాండ్ కెఫేలో, నేలమాళిగలోని ఒక గదిలో. ఆ గదికి పెట్టిన పేరు ‘సలోన్ ఇండియన్’, మన దేశం పేరే.

వాట్సన్స్ హోటల్ తర్వాత చేతులు మారి ఎస్ప్లనేడ్ మాన్షన్ అయింది. గదులు చీలి ఆఫీసులూ కాపురాలూ అయ్యాయి. 2005లో ముందుభాగం కొంత కూలింది. 2019లో అందరినీ ఖాళీ చేయించారు. పడగొట్టాలా నిలబెట్టాలా అన్న వాదం కోర్టుల దాకా వెళ్లింది. భారతీయ సినిమా పుట్టిల్లు అది. దాన్ని నిలబెట్టడానికి దేశంలోని చిత్ర పరిశ్రమలన్నీ, మన ఫిల్మ్‌నగర్‌తో సహా, తలో చేయి వేయాల్సింది.

రైలు నిద్రపోయాకే మాట

తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న విడుదలైంది. దాన్ని తీసిన స్టూడియో పక్కనే రైలు పట్టాలు. సౌండ్‌ప్రూఫ్ గోడలు లేని కాలం కాబట్టి ప్రతి బండి చప్పుడూ మైకులో పడేది. అందుకని రైళ్లు ఆగే అర్ధరాత్రి తర్వాత, తెల్లవారుజాము లోపు షూటింగ్ చేశారు. అందులో చిన్న వేషాలు వేసిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఆ తర్వాత ‘కాళిదాస్’లోనూ, 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ నటించాడు. హిందీ, తమిళం, తెలుగు: మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి ఆయన. మనందరికీ ఎల్.వి. ప్రసాద్. బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రికి ఉన్నది ఈయన పేరే.

అంతకు ముందే బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నాడు. తెర మీద బొమ్మ, పక్కన గ్రామఫోన్ రికార్డు మీద పాట. ఆ పెట్టెలతో ఊళ్లూ దేశాలూ తిరిగి బర్మా, సింహళం దాకా వెళ్లాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. ఆ ఊళ్లో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలు అదే. ఇప్పుడది లేదు.

మనకు రైలు వచ్చింది, హోటల్ రాలేదు

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. వాడి బొంబాయి–మద్రాసు మార్గం మీద ఉంది. అంటే ఆ ఏడాది నుంచి హైదరాబాద్ మనిషి బొంబాయికి నేరుగా రైలెక్కగలిగాడు. 1889కి పట్టాలు బెజవాడ చేరాయి. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో వచ్చాయి.

మరి లండన్ తరహా హోటల్ ఎందుకు రాలేదు? అవసరం పడలేదు. దొరలకు కంటోన్మెంటులో స్నేహితుల బంగళాలు, క్లబ్బులు, డాక్ బంగళాలు ఉండేవి. మనవాళ్లకు సత్రాలూ చుట్టాలిళ్లూ ఉండేవి. రైల్వేలు స్టేషన్‌లోనే రిఫ్రెష్‌మెంట్ రూమ్, రిటైరింగ్ రూమ్ పెట్టి ఊరుకున్నాయి. మద్రాసు వైపు ఆ భోజనాల కాంట్రాక్టుతో పేరు తెచ్చుకున్నది స్పెన్సర్ కంపెనీ. బయట బస చేయాల్సిన దొరల కోసం సికింద్రాబాద్‌లో మాంట్‌గోమరీ, పెర్సీ అని ప్రైవేటు హోటళ్లు వెలిశాయి. పాత యాత్రికుల గైడ్లలో కనిపించే ఆ పేర్లు ఇప్పుడు సికింద్రాబాద్‌లో చాలామంది విననైనా వినలేదు.

హైదరాబాద్ తన పద్ధతిలో ఒక జవాబు చెప్పుకుంది. నాంపల్లి స్టేషన్ ఎదురుగా 1919లో ఏడో నిజాం కాలంలో పెద్ద సరాయి కట్టారు. రైలు దిగిన సామాన్యుడు తల దాచుకోవడానికి. యూస్టన్‌లో ఉన్నవాడికి ఒక భవనం, లేనివాడికి ఒక భవనం. ఇక్కడ ఖర్చుపెట్టింది లేనివాడి కోసం. రైల్వే హోటళ్ల చరిత్రలో నాంపల్లి సరాయికి ఒక అధ్యాయం రావాలని నేను గట్టిగా నమ్ముతాను. పట్టించుకునేవాళ్లు లేక దశాబ్దాల పాటు అది పెచ్చులూడి, చెట్లు మొలిచి, శిథిలంగా నిలిచింది.

రైలు, బస్సు, విమానం: అన్నీ ఒకే చేతిలో

నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో కూడా టాటాలతో పాటు రైల్వేకు పెద్ద వాటా ఉండేది. అజంతా, ఎల్లోరా అప్పట్లో నిజాం రాజ్యంలోవే కాబట్టి వాటిని చూడవచ్చే యాత్రికుల కోసం రైల్వే ఔరంగాబాద్‌లో హోటల్ కూడా నడిపింది. రైల్వే కంపెనీ సొంతంగా నడిపే హోటల్ అన్న లండన్ ఆలోచన మన నిజాం రైల్వేకు అబ్బింది అక్కడే. 1956లో ఔరంగాబాద్ బొంబాయి రాష్ట్రంలోకి పోవడంతో ఆ కథ మన పుస్తకాల్లోంచి కూడా జారిపోయింది.

కొండ మీద రిట్జ్

హైదరాబాద్‌లో పోగొట్టుకున్న హోటల్ ఏది అంటే పాతకాపులు ముందు చెప్పే పేరు రిట్జ్. రైల్వేది కాదు, విక్టోరియా కాలానిదీ కాదు. 1915లో సర్ నిజామత్ జంగ్ నౌబత్ పహాడ్ పక్కన, ఇప్పటి ఆదర్శనగర్‌లో కట్టుకున్న ఇల్లు అది. హిల్ ఫోర్ట్ ప్యాలెస్ అని పేరు. తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ ఛాయలు అందులో పెట్టుకున్నాడు. తర్వాత అది నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా నివాసమైంది. ఆ యువరాజు కవి. ఆయన కొలువు రాత్రి మొదలై తెల్లారేదాకా సాగేది. కవిత్వం, పాట, విందు. ఆ రాత్రుల్లో కూర్చున్న కవి సిద్ఖ్ జైసీ ఉర్దూలో జ్ఞాపకాలు రాస్తే, నరేంద్ర లూథర్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చారు.

1950లలో అది రిట్జ్ హోటల్ అయింది. దశాబ్దాల పాటు ఊరికి వచ్చిన పెద్దవాళ్ల విడిది. 1990ల చివరికి మూతపడింది. కింద అసెంబ్లీ, పక్కన బిర్లా మందిర్, రోజూ వేలమంది ఆ కొండ చుట్టూ తిరుగుతారు. పైన ఆ బురుజులు ఏళ్ల తరబడి తాళం వేసి ఉండిపోయాయి. వారసత్వ సంస్థలు కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పాత మెట్లూ, పొడుగాటి వరండాలూ, గోతిక్ కిటికీలూ కావాలని స్టూడియోల్లో కోట్లు పోసి సెట్లు వేసుకునే ఊళ్లో, అసలైనవి అరగంట దూరంలో పాడుబడుతూ వచ్చాయి. నిలబెట్టి, చూసేవాళ్లకూ షూటింగులకూ ఇచ్చినా దాని ఖర్చు కొంతైనా అదే సంపాదించుకునేది.

బతికిపోయిన కొండ మేడ

దీనికి తిరగబడిన కథ ఫలక్‌నుమా. పైగా వంశీయుడు వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన, అచ్చంగా విక్టోరియా కాలపు కట్టడం. ఆరో నిజాం చేతికి వచ్చి అతిథి మందిరమైంది. కొండ కింద అదే పేరుతో రైల్వే స్టేషన్, సికింద్రాబాద్ నుంచి హౌరాకు అదే పేరుతో ఎక్స్‌ప్రెస్. చాలాకాలం మూతపడి, ఏళ్ల మరమ్మతుల తర్వాత 2010లో హోటల్‌గా తెరుచుకుంది. మరమ్మతు కుదరదనే మాటకు ఆ మేడే సమాధానం.

స్టూడియోలు రాకముందూ వచ్చాకా

హైదరాబాద్‌లో సినిమా తీయడం తెలుగు సినిమాతో మొదలవలేదు. 1922లో బెంగాల్ నుంచి ధీరేన్ గంగూలీ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. ఒక సినిమా ప్రదర్శన నిజాంకు నచ్చక ఆయనను ఊరు వదిలి పొమ్మన్నారు. ఆ తర్వాత తెలుగు సినిమా చాలాకాలం మద్రాసు సొంతమైంది. అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ వచ్చాక, 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు సినిమా అయింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. అప్పటికి అటువైపు రాళ్లూ పొదలే ఎక్కువ. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు తర్వాత వచ్చాయి.

1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో రైలు రాని రైల్వే స్టేషన్ ఉంది. ఊరి పేరు బోర్డు మారిస్తే చాలు, అది ఏ ఊరైనా అవుతుంది. అక్కడే సితార, తార లాంటి నిజమైన హోటళ్లున్నాయి. అంటే స్టేషనూ హోటలూ ఒకే యాజమాన్యం కింద! యూస్టన్ వాళ్ల పద్ధతి సినిమా రూపంలో తిరిగొచ్చింది. 2022లో వచ్చిన ‘రాధేశ్యామ్’ కోసం 1970ల నాటి ఐరోపాను చాలావరకు హైదరాబాద్ సెట్లలోనే నిలబెట్టారు, రైలు పెట్టెలతో సహా. అంతకన్నా తక్కువ హంగుతో ‘వెంకీ’లో రైలు ప్రయాణం తెలుగువాళ్ల నోళ్లలో ఇరవై ఏళ్లుగా నానుతూనే ఉంది.

సికింద్రాబాద్‌లో తోరణాలు

మనందరం ఫొటో దిగిన సికింద్రాబాద్ స్టేషన్ ముఖద్వారాన్ని 2025 మొదట్లో కూల్చేశారు, కొత్త స్టేషన్ కోసం. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివస్తున్న రోజుల్లో ఈ ఊళ్లో ఎందరో నటులూ సాంకేతిక నిపుణులూ పెట్టె పట్టుకుని దిగింది ఇలాంటి స్టేషన్ల మెట్ల మీదే. అయితే స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో చాయ్ ఇప్పటికీ మరుగుతోంది.

పూరీలో ఒకటి మిగిలింది

వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే, లండన్ కంపెనీల లాగే సొంత హోటళ్లు పెట్టింది. రాంచీలో ఒకటి, పూరీ సముద్రతీరంలో 1925 నుంచి ఒకటి. పూరీ హోటల్ చేతులు మారి ఇప్పుడు చాణక్య బీఎన్ఆర్ పేరుతో నడుస్తోంది. వెడల్పాటి వరండాలు, ఎత్తైన కప్పులు, రైల్వే రోజుల జ్ఞాపకాలు అందులో ఇంకా ఉన్నాయి. విశాఖ నుంచి ఒక రాత్రి ప్రయాణం. జగన్నాథుని దర్శనానికి వెళ్లే తెలుగువాళ్లు, అక్కడ బస చేయకపోయినా, ఒక పూట భోజనానికైనా ఆ వరండాలోకి వెళ్లి కూర్చోండి.